ఓర్వల్ బస్సుకు రెండు రకాల ఫ్యాన్లు

చలికాలమంతా అరిజోనా ఎడారిలో వెచ్చగా గడిపి, ఎండ ముదరగానే కొండమీది ఫ్లాగ్‌స్టాఫ్ ఊరి చల్లదనానికి ఎగబాకే బస్సుల్లో ఓర్వల్ స్టబుల్‌ఫీల్డ్ బస్సుకున్నంత పేరు మరే బస్సుకూ లేదు. ఆ పేరు దాని అందం వల్ల వచ్చింది కాదు. బ్లాక్ కాన్యన్ దాటాక మొదలయ్యే ఎత్తు మీద, మూడో మలుపులో, ఏటా అదే చోట, అదే బండరాయి పక్కన దాని రేడియేటర్ పొంగేది. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగి బండ చుట్టూ పచ్చగడ్డి మొలిచిందనీ, ఎడారి మొత్తం మీద లేని కప్పలు అక్కడ కాపురం పెట్టాయనీ జనం చెప్పుకునేవారు. కప్పల సంగతి కాస్త ఎక్కువే గానీ, గడ్డి మాత్రం నిజం.

ఈ బస్సులవాళ్లది అదొక కులం. ఊళ్ల మధ్య తిరిగి తిరిగి అలసిపోయిన పాత బస్సును కొంటారు. సీట్లు పీకేసి మంచం, పొయ్యి, స్నానాల గది సొంత చేతుల్తో కట్టుకుంటారు. ఆ తర్వాత జీవితాంతం దాన్ని బాగుచేసుకుంటూ, బాగుచేసుకుంటున్నందుకు గర్వపడుతూ బతుకుతారు. కంపెనీవాడు కట్టి అమ్మే తెల్లబళ్లు కొనుక్కున్నవాళ్లంటే వీళ్లకి చులకన. వాటిని 'అట్టపెట్టెలు' అంటారు. అట్టపెట్టె ఎప్పుడూ పొంగదు, ఎక్కడా ఆగదు. అందుకే అందులో తిరిగేవాడికి చెప్పుకోవడానికి ఒక్క కథా ఉండదని వీళ్ల జాలి.

వీళ్లలో ఒక ఆచారం ఉంది. కొండెక్కుతూ ఎవరి రేడియేటర్ పొంగితే వాళ్లే ఆ సాయంత్రం అందరికీ చిల్లీ పెట్టాలి. బీన్సూ, మాంసం, మిరపపొడీ వేసి పెద్ద కుండలో గంటల తరబడి ఉడికించే వంట అది. ఈ ఆచారాన్ని మొదలుపెట్టింది ఎవరో తెలియదు, ఎవరైనా ఆకలి మీదున్నవాడే అయ్యుంటాడు. ఓర్వల్ వెనక వచ్చేవాళ్లు కొండ మొదట్లోనే గిన్నే చెంచా తీసి ఒళ్లో పెట్టుకునేవారు. ముందుచూపున్నవాళ్లు పైన చల్లుకోవడానికి ఉల్లిపాయలు కూడా తరిగి తెచ్చుకునేవారు. పొంగేది ఓర్వల్ బస్సే అయినా, వండేది మాత్రం అతని భార్య లవోన్.

ఆ ఏడు శీతాకాలం మొదట్లోనే లవోన్ మాట తేల్చేసింది.

"విను ఓర్వల్. ఈసారి నేను బీన్స్ నానబెట్టను."

"మంచిది బంగారం."

"మంచిదో చెడ్డదో పూర్తిగా విన్నాక చెప్పు. కొండ మీద ఈ బస్సు పొంగిందా, ఫ్లాగ్‌స్టాఫ్ చేరగానే దీన్ని పాత ఇనుము కింద ఇచ్చేసి అట్టపెట్టె కొనేస్తాం. రంగు కూడా చూసి పెట్టాను."

"ఏం రంగు?"

"తెలుపు."

"అన్నీ తెలుపేగా!"

"అందుకే తొందరగా తేలింది."

ఓర్వల్ గుండె జారి బూట్లలో పడింది. అతనిది నెబ్రాస్కాలో జుట్టు కత్తిరించే పని. దుకాణం మూసేసిన రోజున అందులోని ఎర్రతోలు కుర్చీని మాత్రం వదల్లేక తెచ్చి, బస్సులో డ్రైవర్ సీటు వెనకాల నేలకు బోల్టులేసి బిగించుకున్నాడు. ఎక్కడ బస్సులు గుమిగూడినా జనం వచ్చి అందులో కూచునేవారు. ఆ కుర్చీలో ఒకడు కూచుని ఉంటేనే ఓర్వల్‌కి తాను బతికున్నట్టు. అట్టపెట్టెలో ఆ కుర్చీకి చోటుండదు. అతను దొంగచాటుగా వెళ్లి ఒకదాన్ని టేపుతో కొలిచి మరీ చూసుకొచ్చాడు.

ఇక్కడ అతని గుణం ఒకటి చెప్పకపోతే కథ నడవదు. ఓర్వల్ జీవితంలో ఎవరితోనూ 'కాదు' అని ఎరగడు. కత్తెర చేతిలో ఉన్నవాడు వాదించకూడదు, గొంతు అప్పగించి కూచున్నవాడితో అసలే వాదించకూడదు. అది అతనికి పని నేర్పినవాడు చెప్పిన మొదటి పాఠం. రెండో పాఠం చెప్పేలోపే ఆయన పోయాడు. ఒకసారి ఒకే పూట ఒక రైతుతో ఈ వాన మంచిదేననీ, మరో రైతుతో ఈ వాన కొంప ముంచిందనీ ఒప్పుకున్నాడు. ఆ ఇద్దరూ ఒకే పొలానికి భాగస్వాములు, పైగా పక్కపక్క కుర్చీల్లో ఉన్నారు.

బస్సు ఎందుకు పొంగుతోందో అందరికీ తెలుసు. పాత ఫ్యాను అరిగిపోయింది, దాన్ని తిప్పే బెల్టు నున్నబడి జారిపోతోంది. కొత్త ఫ్యాను పెట్టాలి. బెల్టుతో ఇంజన్ తిప్పే ఫ్యానా, కరెంటుతో తిరిగే ఫ్యానా? ఆ గుంపులో ఈ ప్రశ్న అడగడమంటే తేనెపట్టులో కర్ర పెట్టడమే. ఈ ఒక్క ముక్క మీద మాటలు మానేసిన అన్నదమ్ములున్నారు అక్కడ.

బెల్టు పక్షానికి పెద్ద క్లీటస్ యోడర్. కాన్సస్‌లో ధాన్యం లారీలు నడిపి నడిపి లారీ అంత అయినవాడు. మర్నాడే వచ్చి ఎర్రకుర్చీలో కూలబడ్డాడు.

"బెల్టంటే బెల్టేనోయ్ ఓర్వల్. ఇంజన్ ఎంత రొప్పితే అంత గాలి. నా బస్సు ఫ్యాను లాగే లాగుడు నీకు తెలీదు. ఓసారి టెక్సాస్‌లో నా వెనక కారులో వస్తున్నవాడి విగ్గు ఎగిరొచ్చి నా బస్సు వెనకున్న రేడియేటర్‌కి అతుక్కుంది. పాపం, ఆగి అడగడానికి సిగ్గేసి, వాడు బోడిగుండుతో రాష్ట్రం దాటేదాకా నా వెనకే వచ్చాడు."

"నిజమే" అన్నాడు ఓర్వల్, చెవి పక్కన వెంట్రుకలు సరిచేస్తూ.

"ఆ కరెంటు ఫ్యాన్లా? బ్యాటరీ చచ్చిందంటే అవి గోడకి తగిలించుకునే బొమ్మలు."

"నిజమే."

క్లీటస్ మెడ మీద పౌడరు ఆరకముందే కరెంటు పక్షం పెద్ద వెండెల్ క్రాబ్‌ట్రీ వచ్చాడు. ఒహాయోలో చిన్న కార్లు బాగుచేసినవాడు. మనిషి సన్నం, మాట పదును.

"బెల్టు ఫ్యాన్ అంటే ఇంజన్ నెత్తిన పేనోయ్ ఓర్వల్. ఇరవై నాలుగ్గంటలూ దాని బలం తాగుతూనే ఉంటుంది. నేను కరెంటు ఫ్యాన్లు పెట్టినప్పటి నుంచీ డీజిల్ ఎంత మిగులుతోందంటే, ట్యాంకు పొర్లకుండా దారిలో ఆపి ఆపి తోడి పారబోసుకుంటున్నా. ఇక చప్పుడంటావా? మొన్న ఓ గువ్వ నా ఫ్యాను మీద గూడు కట్టి పిల్లల్ని లేపింది. ఫ్యాను తిరుగుతున్న సంగతే దానికి తెలీదు."

"నిజమే."

"క్లీటస్ గాడు ఏదో వాగి ఉంటాడు. వాడి బెల్టు తెగితే వాడి ఫ్యాను ఇనప పువ్వు. వాసన చూసుకోవడానిక్కూడా పనికిరాదు."

"అదీ నిజమే."

ఇద్దరితోనూ ఒప్పుకున్నాక ఇద్దరూ రాకుండా ఉంటారా? ఒక పొద్దున పనిముట్లతో సహా ఇద్దరూ బస్సు తోక దగ్గర తేలారు. ఈ బస్సులకి ఇంజనూ రేడియేటరూ వెనకే. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, ఇద్దరూ ఓర్వల్ మొహం చూశారు. ఒకణ్ణి పొమ్మనాలి. ఓర్వల్ కాఫీ తెస్తానని లోపలికి పోయాడు.

కాఫీ మరిగి, చల్లారి, మళ్లీ మరిగేసరికి వాళ్లే పంచుకున్నారు. క్లీటస్ బస్సు కింద దూరి, ఇంజన్‌కీ రేడియేటర్‌కీ మధ్య, సాము చేసేవాడి ఛాతీ అంత ఫ్యాను పెట్టి జంట బెల్టు తొడిగాడు. అది వెనక నుంచి బయటిగాలిని రేడియేటర్ గుండా లోపలికి లాగుతుంది. వెండెల్ బయటి వైపున రెండు కరెంటు ఫ్యాన్లు బిగించాడు. ఇద్దరికీ మాటల్లేవు. ఒకరి స్పానర్ ఒకరికి కావలిస్తే "ఓర్వల్, ఆ కింద పడుకున్న జంతువునడిగి పెద్ద స్పానరు తీసుకో" అని ఒకడు, "ఓర్వల్, ఆ పైనున్న పుల్లకి అది జేబులో పెట్టుకుపోవద్దని చెప్పు" అని ఇంకొకడు.

వెండెల్ తన ఫ్యాన్లని గాలి బయటికి తోసేలా పెట్టాడు.

"వేడిగాలి వెనక్కి పోవాలి. జీవితమంతా కార్లు చూశాను. ముందు నుంచి వచ్చిన గాలి వెనక్కే పోతుంది. అంతే" అన్నాడు.

కారుకి రేడియేటర్ ముక్కు దగ్గర ఉంటుంది, ఈ బస్సుకి తోక దగ్గర ఉంది. ఆ తేడా అతనికి తట్టలేదు. తట్టగలిగిన క్లీటస్ బస్సు కింద ఉన్నాడు, పైకి చూడడం తన పరువుకి తక్కువనుకున్నాడు.

"మీట ఎక్కడ?" అని లవోన్ అడిగింది.

"మీట లేదమ్మా. ఇంజన్ తిరిగినంతసేపూ ఇవీ తిరుగుతాయి. మీట పెట్టామంటే మన మీద మనకే అనుమానం ఉన్నట్టు" అన్నాడు వెండెల్.

బస్సులవాళ్లంతా వచ్చి చూశారు. ఒకటికి రెండు, ఇక ఓర్వల్ బస్సు మంచు కక్కుతుందన్నారు. అది జనవరి. ఎడారి పొద్దులు చలికి కొరుకుతున్నాయి. నిప్పు పెట్టినా ఆ బస్సు వేడెక్కే రోజులు కావు. గాలి చాలుతోందో లేదో ఎవడికి తెలుస్తుంది?

తెలిసింది ఒక్క ఓర్వల్‌కే. వారం తిరక్కుండా వెండెల్ క్షవరానికొచ్చి, తన ఫ్యాన్ల పాట వింటూ చేయించుకోవాలన్నాడు. మడతకుర్చీ బస్సు వెనకాల ఎండలో వేసి, ఇంజన్ ఆన్ చేయించాడు. ఓర్వల్ కత్తిరించిన వెంట్రుకల్ని దువ్వెనతో విదిలించాడు. అవి ఎగిరి రేడియేటర్ దాకా పోయి, లోపలికి పోలేదు, బయటికి రాలేదు. తేనెటీగల గుంపులా ఉన్నచోటే గాల్లో నిలబడి వణుకుతున్నాయి. ఓర్వల్ ఇంకాసిన్ని కత్తిరించి విదిలించాడు. అవీ వెళ్లి ఆ గుంపులో కలిశాయి. అనుమానం తీర్చుకోవడం కోసం అవసరమైనదానికన్నా ఎక్కువే కత్తిరించాడు. ఆ నెలంతా వెండెల్ టోపీ తియ్యలేదు.

"ఎలా ఉందోయ్ గాలి?" అన్నాడు వెండెల్ కళ్లు మూసుకుని.

ఇద్దరి ఫ్యాన్లూ ఒకదాని నోరు ఒకటి మూస్తున్నాయని ఓర్వల్‌కి అర్థమైంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నాలుక ముందు కత్తెర ఉంది, కత్తెర ముందు వెండెల్ గొంతు ఉంది.

"నిజమే" అన్నాడు.

"నేనింకా ఏమీ అనలేదే!"

"అనబోయేది కూడా నిజమే."

చూద్దాంలే అనుకున్నాడు. బట్టతల మీద మళ్లీ మొలుస్తాయా అని అడిగినవాళ్లందరికీ అతను చెప్పే జవాబు అదే.

మే నెల వచ్చింది. ఎడారి పెనమైంది. బస్సులు బారులు తీరి కదిలాయి. ఓర్వల్ ముందు, అతని వెనక క్లీటస్, ఆ వెనక వెండెల్, ఆ వెనక గిన్నెలు. లవోన్ ఎర్రకుర్చీలో కూచుంది. బీన్స్ సంచి మూతి విప్పలేదు. కొండ మొదట్లో ఏసీలు ఆపుకోండని బోర్డు. కొండకి అంత భయపడి సర్కారువాడే చెప్తుంటే ఓర్వల్ భయపడ్డంలో తప్పేముంది? ఆపేశాడు. కిటికీలోంచి వచ్చే గాలి పొయ్యి ఊదినట్టుంది.

మొదటి మలుపు దాటేసరికి వేడి చూపించే ముల్లు నిద్ర లేచింది. రెండో మలుపుకి లేచి నిలబడింది.

"ముల్లెక్కడుంది ఓర్వల్?"

"బాగానే ఉంది బంగారం."

"ఎక్కడుందో నాకు కనిపిస్తూనే ఉంది. నువ్వేమంటావోనని అడిగాను."

మూడో మలుపు కనిపించింది. బండరాయి, దాని చుట్టూ పచ్చగడ్డి. ముల్లు ఎరుపుకి వెంట్రుక వాసిలో ఉంది. ఓర్వల్ అద్దంలో వెనక్కి చూశాడు. ఎర్రతోలు కుర్చీ, అందులో లవోన్, చేతులు కట్టుకుని. బండకి కాస్త ఇవతలే ఉన్న ఖాళీస్థలంలోకి బస్సు తిప్పి, ఇంజన్ తిరుగుతూండగానే బ్రేకు వేశాడు. ఆవిరి ఇంకా లేవలేదు.

వెనక బస్సులన్నీ ఆగాయి. తలుపులు తెరుచుకున్నాయి. గిన్నెలు దిగాయి.

"అమ్మా లవోన్, కిందటేడు కారం తగ్గింది సుమా" అన్నాడొకడు.

"పొంగనివ్వు నాయనా. పొంగాక చెప్తా నీకేం పెట్టాలో" అంది లవోన్ మెట్టు మీంచి.

క్లీటస్, వెండెల్ బస్సు తోక దగ్గర కలుసుకున్నారు. జనవరి నుంచీ అణిచిపెట్టుకున్నదంతా ఇద్దరికీ ఒకేసారి పొంగింది. రేడియేటర్ కంటే వాళ్లే ముందు.

"ఈ పుల్లగాడి బొమ్మ ఫ్యాన్లు నా గాలికి అడ్డం నిలబడ్డాయి!"

"వాడి బెల్టు బరువుకే ఇంజన్ ప్రాణం పోతోంది! వినపడ్డంలా ఆ మూలుగు?"

"మూలుగుతోంది నీ ఫ్యానురా, నాది గర్జిస్తోంది!"

"ఓర్వల్, నువ్వు చెప్పు. నేనన్నది నిజమా కాదా?"

"ఉండరా, నన్నడగనీ. ఓర్వల్, నాది నిజమా కాదా?"

అందరూ ఓర్వల్ వైపు తిరిగారు. అతని నోరు 'ని' అనే అక్షరానికి సిద్ధంగా తెరుచుకుంది.

"చెప్పు ఓర్వల్. నాకు తెలుపు నచ్చింది" అంది లవోన్.

ఓర్వల్ నోరు మూసుకుని బస్సులోకి పోయాడు. మళ్లీ కాఫీకే పోయాడనుకున్నారు. కానీ క్షవరం చేసేటప్పుడు మెడకి కట్టే తెల్లగుడ్డతో తిరిగొచ్చాడు. పొద్దున బయల్దేరేముందు క్లీటస్‌కి చేసిన క్షవరం తాలూకు వెంట్రుకలు ఇంకా దులపలేదు. నెరిసినవే అయినా దండిగా ఉన్నాయి. రేడియేటర్ ముందు నిలబడి గుడ్డని ఒక్క దులుపు దులిపాడు.

వెంట్రుకలు లేచాయి. లేచి, గాల్లో నిలబడ్డాయి. ఇటు రావు, అటు పోవు.

చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఎవడో శిలువ గుర్తు వేసుకున్నాడు.

"కొండగాలి" అన్నాడు వెండెల్ గొంతు సవరించుకుని. "కొండల మీద అలాగే ఉంటుంది."

"కాదు" అన్నాడు ఓర్వల్.

ఆ మాట వాడక తుప్పుపట్టి ఉందేమో, కీచుమంటూ వచ్చింది.

"ఏమన్నావ్?"

"కాదు వెండెల్. వాడి ఫ్యాను లోపలికి లాగుతోంది, నీ ఫ్యాన్లు బయటికి తోస్తున్నాయి. ఒక బండికి చెరోపక్కా ఎద్దుల్ని కట్టి ఇద్దరూ అదిలిస్తున్నారు. నాకు జనవరిలోనే తెలుసు."

"జనవరిలో తెలిసి మే దాకా నోరు కుట్టుకున్నావా?" అంది లవోన్.

"నిజమే" అన్నాడు ఓర్వల్ తలొంచుకుని. ఆ ఒక్కసారికి ఆ మాట నిజంగానే నిజం.

"ఉండవోయ్, తిప్పి బిగిస్తాను, ఒక్క పూట పని..." అంటూ వెండెల్ జేబులో చెయ్యి పెట్టాడు.

"ఇక్కడ కాదు" అన్నాడు ఓర్వల్. ఈసారి ఆ మాట కీచుమనలేదు. పైజేబులోంచి కత్తెర తీశాడు. వెంట్రుకల్ని తప్ప దేన్నీ ముట్టని కత్తెర అది. లవోన్ దారం తెంచుకోవడానికి అడిగినా ఇచ్చేవాడు కాదు, ఎక్కడో పెట్టి మరిచిపోయానని తప్పించుకునేవాడు. వెండెల్ ఫ్యాన్లకి పోయే తీగని వేలితో పైకెత్తి కటుక్కుమనిపించాడు. చిన్న మెరుపు మెరిసింది. కరెంటు ఫ్యాన్ల రెక్కలు నీరసించాయి. గాల్లో నిలబడ్డ వెంట్రుకల గుంపు ఒక్క ఊపున లోపలికి మాయమైంది.

"బెల్టు గెలిచిందిరోయ్!" అని క్లీటస్ టోపీ తీసి ఊపాడు. ఆ టోపీ అతని చేతిలోంచి జారి వెళ్లి రేడియేటర్‌కి చెంపదెబ్బలా అతుక్కుంది. ఇది కప్పల సంగతి లాంటిది కాదు, చూసినవాళ్లు ఇంకా ఉన్నారు.

ఓర్వల్ టోపీని పీకి అతని చేతిలో పెట్టాడు. "కాదు క్లీటస్. బెల్టేం గెలవలేదు. కొట్టుకునేవాళ్లలో ఒకడు ఆగాడు, అంతే. వాడివి సరిగ్గా తిప్పి పెట్టి, నీది పీకేసినా బస్సు కొండ ఎక్కేదేమో, ఎవడికి తెలుసు?"

ఆ మాటకి ఇద్దరికీ ఒకేసారి ఒళ్లు మండింది. పదేళ్లలో వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చింది అప్పుడే.

ముల్లు మెల్లగా కిందికి దిగి పడుకుంది. బస్సు కదిలింది. మూడో మలుపులో బండ పక్క నుంచి, గడ్డి పక్క నుంచి, ఒక్క చుక్క నీళ్లు రాల్చకుండా వెళ్లిపోయింది. ఆ వేసవికి గడ్డి ఎండిపోయిందంటారు.

కొండ మీద చెట్ల నీడన బస్సులు ఆగాక గిన్నెలవాళ్లు గుంపుగా వచ్చారు. వాళ్లలో పెద్దాయన గిన్నె వెనక్కి దాచుకుని ధర్మం చెప్పాడు.

"చూడు నాయనా, ఆచారం ఏమంటుందంటే, కొండ మీద ఆగడం కూడా పొంగడం కిందే లెక్క."

"కాదు" అన్నాడు ఓర్వల్.

వాళ్లు బిస్కెట్ల మీద పచ్చి ఉల్లిపాయలు చల్లుకుని తిన్నారు. ఓర్వల్ మారిపోయాడనీ, గర్వం తలకెక్కిందనీ, ఆ బస్సుకీ అట్టపెట్టెకీ ఇక తేడా లేదనీ తీర్మానించారు. రేడియేటర్ పొంగినన్నాళ్లూ వాళ్లకి అతనంత మంచివాడు లేడు.

బస్సులో లవోన్ ఓర్వల్‌ని ఎర్రకుర్చీలో కూచోబెట్టి మెడకి తెల్లగుడ్డ కట్టింది.

"ఊళ్లోవాళ్ల తలలన్నీ నీకు కావాలి. నీ మెడ వెనక చూసుకున్నావా, పొద పెరిగింది." కత్తెర వెలుతురుకి పెట్టి చూసింది. తీగ తెంచిన చోట చిన్న నొక్కు పడింది. "బాగుంది ఓర్వల్."

"నొక్కు పడితే బాగుండడమేంటి?"

"కత్తెర కాదు, ఆ మాట. ఇన్నేళ్ల కాపురంలో ఈ రోజే విన్నా నీ నోట." కొంచెం సేపు కత్తిరించింది. "ఒకటి చెప్పనా? ఆ తెల్లదాంట్లో స్నానం చేస్తుంటే మోచేతులు గోడకి తగలవు. పొంగకపోతేనేం, ఓసారి వెళ్లి చూసొద్దామా?"

నలభై ఏళ్ల 'నిజమే'లన్నీ వరసకట్టి ఓర్వల్ గొంతులోకి వచ్చాయి. కింద తోలు చల్లగా తగిలింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"కాదు" అన్నాడు.

కత్తెర ఆగింది. కాసేపు ఆ బస్సులోని గాలి కూడా ఎటూ పోకుండా నిలబడింది.

"ఏకు మేకైంది" అంది లవోన్. కత్తెర అతని చెవి పక్కకి తెచ్చి రెండుసార్లు ఉత్తినే ఆడించింది. "సరే. అట్టపెట్టె వద్దు. ఇక నుంచి ఈ బస్సులో పొంగినా పొంగకపోయినా చిల్లీ వండేది నువ్వు. కాదంటావా?"

కత్తెర పట్టినవాడు ఏం చెయ్యాలో గురువు చెప్పాడు. కుర్చీలో గొంతు అప్పగించి కూచున్నవాడు ఏం చెయ్యాలన్నది బహుశా ఆ రెండో పాఠంలో ఉండేదేమో.

"నిజమే బంగారం" అన్నాడు ఓర్వల్.

మెడకి గుడ్డ అలాగే ఉంచుకుని లేచి, అల్మారాలోంచి బీన్స్ సంచి దించి మూతి విప్పాడు. మర్నాటికి నానబెడదామని కుండలోకి వంచాడు. బీన్స్ జలజలా రాలిన చప్పుడుకి బయట చెట్ల కింద ఎవడిదో చెంచా గిన్నె మీద టంగుమంది.